మీ తరవాత తలుపు తెరిచేదెవరు?

ఊళ్ళో మ్యూజియం దాదాపు ఎప్పుడూ ఒక మనిషితోనే మొదలవుతుంది. ఆ మనిషి రిటైరైన మాస్టారు కావచ్చు. తాతల నాటి మండువా లోగిలి కూలగొట్టడానికి మనసొప్పక పట్నం నుంచి తిరిగొచ్చిన కొడుకు కావచ్చు. అత్తగారి సామాను పాతసామాన్లవాడికి వెయ్యడానికి చేతులు రాని కోడలు కావచ్చు. గొడ్లచావిట్లో మూలన పడున్న గొర్రు, జడ్డిగం, తోలు ఎండి బిరుసెక్కిన మోట బాన, అటక మీది బోషాణం, కుంచాలు, సోలలు ఒక్కొక్కటీ అడిగి తెచ్చుకుంటారు. కొన్నేళ్ళకు రెండు గదులు నిండుతాయి. జిల్లా పేజీలో ఫొటోతో వార్త వస్తుంది. ఆ తరవాత ఆ మనిషికి మోకాళ్ళ నొప్పులు మొదలవుతాయి. పిల్లలు హైదరాబాదులోనో డల్లాస్‌లోనో ఉంటారు. తాళం ముందు నెలకోసారి, ఆపైన ఏడాదికోసారి తీస్తారు. చెదలు మాత్రం ఏ రోజూ ఆగవు.

మీ ఊళ్ళో అలాంటి గది ఒకటి మీ చేతుల్లో ఉంటే ఈ అధ్యాయం మీ కోసమే. ప్రణాళిక అనగానే చాలామంది కొత్త భవనం గురించి, గాజు బీరువాల గురించి, ఇంకా తేవలసిన వస్తువుల గురించి మాట్లాడతారు. నా ఉద్దేశంలో చిన్న గ్రామీణ మ్యూజియం ప్రణాళికకు లక్ష్యం ఒక్కటే: మీరు లేకపోయినా అది నడవాలి. డబ్బు, రిజిస్టరు, చట్టం, కమిటీ, అన్నీ ఆ ఒక్కదాని కోసమే. మీ ఆరోగ్యం బాగున్నప్పుడే, ఊళ్ళో మీ మాటకు విలువ ఉన్నప్పుడే ఆ ఏర్పాటు చెయ్యాలి.

పుణెలో దినకర్ కేల్కర్ అనే ఆయన జీవితమంతా ఇళ్ళలో వాడే వస్తువులు సేకరించారు. దీపాలు, అడకత్తెరలు, తాళాలు, వంటపాత్రలు, వాద్యాలు అన్నీ కలిపి సుమారు 20 వేలు. చిన్నతనంలోనే పోయిన కొడుకు రాజా పేరు దానికి పెట్టుకున్నారు. అంత మమకారం పెంచుకున్న సేకరణను 1990లో కన్నుమూయడానికి చాలా ముందే, బతికుండగానే, మహారాష్ట్ర ప్రభుత్వానికి అప్పగించారు. ఇవాళ్టికీ జనం వెళ్ళి చూడగలుగుతున్నారంటే ఆ నిర్ణయమే కారణం. కర్ణాటకలో హెచ్.ఎల్. నాగేగౌడ ఇంకో దారి పట్టారు. ఐఏఎస్ అధికారిగా పనిచేసిన ఆయన 1979లో ముందు కర్ణాటక జానపద పరిషత్తు అనే సంస్థను నిలబెట్టారు. బెంగళూరు–మైసూరు దారిలో, రామనగర దగ్గర, 15 ఎకరాల్లో జానపద లోకం తెరిచింది 1994లో. అంటే వస్తువులకు గది కట్టకముందే వాటిని చూసుకునే మనుషుల్ని కూడగట్టారు. ఈ రెండు దారుల్లో మీది ఏదో తేల్చుకోవడమే మొదటి పని.

ఏది వద్దో తేల్చుకోండి

రాజస్థాన్‌లో, జోధ్‌పూర్ దగ్గర మోక్లావాస్ అనే పల్లెలో, అర్నా ఝర్నా అనే ఎడారి మ్యూజియం ఉంది. దాని వెనక ఉన్నది జానపద పరిశోధకుడు కోమల్ కోఠారీ. రచయిత విజయ్‌దాన్ దేథాతో కలిసి 1960లో బోరుందా అనే ఊళ్ళో రూపాయన్ సంస్థాన్ స్థాపించిన మనిషి. ఎన్నో ఏళ్ళు ఎడారి పాటలూ కథలూ పోగు చేసిన ఆయన ఆలోచనతో వచ్చిన మ్యూజియం మొదటి ప్రదర్శనకు ఏ వస్తువును ఎంచుకుందో తెలుసా? చీపురు.

చీపుర్లే ఎందుకు? ఏ గడ్డితో కట్టారో చూస్తే ఆ నేల ఎలాంటిదో తెలుస్తుంది. ఎవరు కట్టారో అడిగితే ఏ కులం ఏ పని మీద బతికిందో తెలుస్తుంది. వాకిలి ఊడ్చేది వేరు, వంటిల్లు ఊడ్చేది వేరు, కళ్ళం ఊడ్చేది వేరు. చీపురును ఎక్కడ ఆనించాలి, ఎప్పుడు కొనాలి, ఎప్పుడు పారెయ్యకూడదు అన్న నమ్మకాలు ఎన్నో. ఇవన్నీ బయటికొస్తే ఎడారి బతుకంతా ఒక్క వస్తువు చుట్టూ కనిపిస్తుంది. పైగా చీపురు కొనడానికి లక్షలు అక్కర్లేదు. దొంగలు ఎత్తుకుపోతారన్న భయం లేదు. చూడ్డానికి వచ్చిన ప్రతి ఆడమనిషికీ దాని గురించి చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది. చిన్న మ్యూజియానికి ఇంతకన్నా తెలివైన ఎంపిక నాకు తెలియదు.

మీ ఊరికి అలాంటి ఇరుసు ఏది? ఒక ఉదాహరణ చెబుతాను. మన పల్లెల్లో గిద్ద, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం ఉండేవి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. ప్రాంతాన్ని బట్టి లెక్కలు కొంత మారేవి. 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చి కిలోలు, లీటర్లు దేశమంతా అమల్లోకి వచ్చాక అవి మూలపడ్డాయి. ఒక్క కొలతల మీదే గది పెట్టండి. కంచరి పోసిన ఇత్తడి సోల పక్కన మేదరి అల్లిన వెదురు కుంచం ఉంటుంది. పాలేరుకు జీతం గింజలు కొలిచిన కుంచమూ, అప్పు గింజలు తిరిగి కొలుచుకున్న కుంచమూ ఒకటేనా అని ఊళ్ళో పెద్దవాళ్ళను అడగండి. ఆ జవాబులు రికార్డు చేస్తే, ఏ పాఠ్యపుస్తకంలోనూ లేని ఊరి ఆర్థిక చరిత్ర మీ గదిలో ఉంటుంది. నేతగాళ్ళ ఊరైతే ఆసులు, కండెలు. చెరువు కింది ఊరైతే తూము, నీరటికాడి పని. బావుల ఊరైతే మోట. మీ ఊరిదే కావాలి. పక్క జిల్లా మ్యూజియంలో ఉన్నదాన్ని చూసి అదే తెచ్చుకోవద్దు.

ఎంచుకున్నాక రెండు వాక్యాల్లో రాసి గోడ మీద పెట్టండి. ఈ మ్యూజియం దేన్ని దాస్తుంది, ఎవరి కోసం దాస్తుంది. అంతే. ఆ కాగితం రేపు మీకు అండగా ఉంటుంది. ఎందుకంటే ఊళ్ళో వద్దనడం చాలా కష్టం. "మా అమ్మ తిరగలి, మీ దగ్గర పెట్టండి బాబాయ్" అని ఒకావిడ తెస్తుంది. మీ దగ్గర అప్పటికే తొమ్మిది తిరగళ్ళున్నాయి. పదోది తీసుకుంటే చోటు పోతుంది, వద్దంటే మనసు నొచ్చుకుంటుంది. "కమిటీ ఇలా నిర్ణయించిందమ్మా, నువ్వే ఇంట్లో ఉంచుకో, దాని ఫొటో, మీ అమ్మగారి కథ మాత్రం మేం రాసుకుంటాం" అని చెప్పగలిగితే ఇద్దరికీ మర్యాద దక్కుతుంది. ఆ కథే చాలాసార్లు తిరగలికన్నా విలువైనది.

ఇంకో మాట, ఇది సూటిగా చెప్పాలి. మన గ్రామీణ మ్యూజియాల్లో ఎక్కువ భాగం దొరల ఇళ్ళ సామానే ఉంటుంది: పల్లకీలు, పందిరిమంచాలు, ఇత్తడి గంగాళాలు. మోట బాన కుట్టిన మాదిగ చేతి పనిముట్లు, డప్పు, చాకలి బాన, మంగలి పొది, కుమ్మరి సారె ఎన్ని గదుల్లో ఉన్నాయి? అవి లేకపోతే మీ మ్యూజియం ఊరిది కాదు, ఊళ్ళో నాలుగు ఇళ్ళది. ఆ వాడల మనుషులు లోపలికి రాకపోవడానికి కారణం కూడా అదే. అంతర్జాతీయ మ్యూజియం మండలి 2022 ఆగస్టులో ప్రేగ్‌లో ఆమోదించిన కొత్త నిర్వచనంలో, మ్యూజియం సమాజాల భాగస్వామ్యంతో నడవాలన్న మాట చేర్చారు. మన ఊళ్ళకు అది ఎక్కడినుంచో వచ్చిన నియమంగా కాకుండా ఆత్మగౌరవానికి సంబంధించిన విషయంగా కనపడాలి.

రిజిస్టరు ముందు, బీరువా తరవాత

రంగులు వేయించే ముందు, బోర్డు రాయించే ముందు గట్టి అట్టతో కుట్టిన పెద్ద రిజిస్టరు ఒకటి కొనండి. విడి కాగితాలు వద్దు. ప్రతి వస్తువుకూ ఒక నంబరు ఇవ్వండి. వచ్చిన సంవత్సరం, ఆ ఏడాదిలో వరస కలిపి 2025-14 లాంటిది చాలు. ఆ నంబరు ఎదురుగా వస్తువును ఊళ్ళో ఏమంటారో, కొలతలు, దేనితో చేసింది, ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు, ఎవరు వాడారు, ఎలా వాడారు, ఎక్కడ పగిలి ఉంది అన్నీ రాయండి. నంబరును వస్తువు మీద కూడా కనపడని చోట వెయ్యాలి. బట్టలకు, తోలుకు, కొయ్యకు చిన్న నూలు పట్టీ కట్టి దాని మీద రాస్తే వస్తువు పాడవదు. ఫోనుతో ఫొటో తీసి, ఫైలు పేరు కూడా అదే నంబరుతో పెట్టండి. రిజిస్టరు నకళ్ళు రెండు చేయించి ఒకటి బడిలో, ఒకటి వేరే ఊళ్ళో ఉన్నవాళ్ళ దగ్గర ఉంచండి. కేంద్ర సాంస్కృతిక శాఖ మ్యూజియాల కోసం సీడాక్ అనే ప్రభుత్వ సంస్థ తయారుచేసిన 'జతన్' అనే సాఫ్ట్‌వేర్ ఉంది. వస్తువులు వేలల్లోకి పోతే దాని గురించి ఆలోచించవచ్చు. అప్పటిదాకా చేతిరాత చాలు.

ఇక్కడ ఎవరూ పట్టించుకోని చిక్కు ఒకటుంది. ఇచ్చినాయన ఇష్టంగానే ఇస్తాడు. ఆయన పోయాక పెద్దకొడుకు వచ్చి "మా నాన్న దాచమని ఇచ్చాడు, ఇచ్చెయ్యమని కాదు" అంటాడు. అప్పటికి మీరూ ఉండకపోవచ్చు. కాబట్టి ప్రతి వస్తువుకూ ఒక కాగితం కావాలి: దానమా, కొంతకాలం దాచడమా. దాచడమైతే ఎన్నేళ్ళు. ఇద్దరు సాక్షుల సంతకాలతో. బంధువుల దగ్గర కాగితం అడగడం మొహమాటమే. కానీ కాగితం లేని వస్తువు మ్యూజియందని రేపు ఎవరూ చెప్పలేరు.

వస్తువుతో పాటు దాని చప్పుడు, దాని పని కూడా పోకూడదు. మోట తోలుతూ పాడిన పాట, గొర్రుతో విత్తుతున్నప్పుడు జడ్డిగంలోకి గింజలు వదిలే చేతి వాటం, విసుర్రాయి మీద ఇద్దరాడవాళ్ళు ఎదురెదురుగా కూర్చునే తీరు ఇప్పుడు చేసి చూపించగలవాళ్ళు ఇంకా ఉన్నారు. వీడియో తీయించండి. కొత్త వస్తువులు తెచ్చే పని ఒక ఏడాది పూర్తిగా ఆపేసి ఈ ఒక్కపనే చేసినా తప్పులేదు.

కొన్ని వస్తువులు మాత్రం మీ దగ్గర ఉంచుకోవడానికే వీల్లేదు. పొలం దున్నుతుంటే నాణేల కుండ దొరికితే 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజెయ్యాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం కింద నూరేళ్ళు దాటిన వస్తువు పురావస్తువు. విలువైన రాతప్రతులకైతే 75 ఏళ్ళే. రాతి, లోహ విగ్రహాల వంటి కొన్ని రకాలను పురావస్తు శాఖ అధికారి దగ్గర నమోదు చేయించాలి. పాడుబడిన గుడిలోని విగ్రహం "కాపాడుదామని" తెచ్చి పెట్టుకోవడం నేరమవుతుంది. జింక కొమ్ములు, పులి తోలు పాత ఇళ్ళలో ఉంటాయి. వన్యప్రాణి చట్టం కింద యాజమాన్య ధ్రువపత్రం లేకుండా వాటిని తీసుకోవద్దు. తాతల నాటి తుపాకీ ఎవరైనా ఇస్తానంటే ముందు పోలీస్ స్టేషనుకు వెళ్ళి అడగండి.

సంరక్షణకు పెద్ద ఖర్చు అక్కర్లేదు, క్రమం కావాలి. మృగశిర కార్తె వచ్చేలోపు పైకప్పు చూడాలి. మ్యూజియం డబ్బులో మొదటి వాటా ఎప్పుడూ పైకప్పుదే. గాలిలో తేమ 65, 70 శాతం దాటి నిలిస్తే బూజు పడుతుంది. వానాకాలంలో గదిని మూసి ఉంచడం అన్నిటికన్నా ప్రమాదం. కొయ్య, తోలు వస్తువులు నేలకు, గోడకు ఆనకుండా ఇటుకల మీద పలకలు వేసి ఎత్తులో పెట్టండి. ఇత్తడిని పండగకల్లా చింతపండుతో తోమితే మెరుస్తుంది, కానీ దానిమీద చెక్కిన పేర్లు అరిగిపోతాయి. పాత నాగలికి వార్నిష్ పూయకండి. అరచేతులు పట్టి పట్టి నునుపెక్కిన మేడి ఆ పూతకింద కనపడకుండా పోతుంది. బట్టలు, కాగితాల మీద ఎండ నేరుగా పడకూడదు.

డబ్బు ఎక్కడినుంచి, ఎంత

కలకత్తా శివార్లలో జోకా దగ్గర గురుసదయ్ మ్యూజియం ఉంది. ఐసీఎస్ అధికారి గురుసదయ్ దత్ బెంగాల్ పల్లెలు తిరిగి సేకరించిన కాంథా కుట్టుపనులు, పటచిత్రాలు, మట్టిబొమ్మలు అందులో ఉన్నాయి. సేకరణ గొప్పది. కానీ దాని నడక చాలాకాలం కేంద్ర జౌళి శాఖ ఇచ్చే గ్రాంటు మీద ఆధారపడింది. 2017లో ఆ గ్రాంటు ఆగిపోయింది. సిబ్బందికి జీతాలు లేకుండా పోయాయి. ఒకే తూము కింద సాగు చేసే పొలం లాంటిదది. తూము మూసినవాడికి మన పైరు మీద కోపం ఉండనక్కర్లేదు, అయినా పైరు ఎండుతుంది.

మీ లెక్క చిన్నది. ఏడాదికి కరెంటు బిల్లు, ఊడ్చి తుడిచే మనిషి జీతం, పైకప్పు మరమ్మతు, చెదల మందు, కాగితాలు. ముందు దీన్ని రాసుకోండి. ఆ మొత్తంలో ఏ ఒక్కరి నుంచీ సగానికి మించి రాకుండా చూడటం నా సలహా. టిక్కెట్టు డబ్బుతో పల్లె మ్యూజియం నడవదు. ఊరివాళ్ళ దగ్గర టిక్కెట్టు పెట్టకపోవడమే మంచిది. నెలకు నూరు రూపాయలిచ్చే నూరుమంది దొరికితే అది పెద్ద ఎత్తున ఒకరిచ్చే విరాళంకన్నా బలమైనది. ఎందుకంటే ఆ నూరుగురూ అడుగుతారు, చూస్తారు, వస్తారు. వేటపాలెం సారస్వత నికేతనాన్ని చూడండి. 1918లో ఒక పల్లెలో పుట్టిన గ్రంథాలయం వందేళ్ళు దాటి నిలిచింది. పాత పత్రికల కోసం దూరదూరాల నుంచి పరిశోధకులు ఆ ఊరికి వస్తారు. ఊరిదన్న భావమే అలాంటి చోట్లకు పునాది.

అమెరికా నుంచి వచ్చే డబ్బు విషయంలో జాగ్రత్త. భారత పౌరసత్వం ఉన్నవారు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అదే మనవాడే అయినా అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే అది విదేశీ విరాళం కిందికి వస్తుంది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద అనుమతి లేకుండా తీసుకోకూడదు. డబ్బు పంపే ముందే పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగడానికి మొహమాటపడకండి. కంపెనీల సామాజిక బాధ్యత నిధులకు 2013 కంపెనీల చట్టంలో వారసత్వం, కళలు, సంస్కృతి కూడా అర్హమైన అంశాలే. అయితే కంపెనీ మిమ్మల్ని పట్టించుకోవాలంటే రిజిస్టరైన సంస్థ, ఆదాయపు పన్ను శాఖ గుర్తింపులు, ఆడిట్ చేసిన లెక్కలు ఉండాలి. ఇవి సమకూరడానికి సమయం పడుతుంది కాబట్టి మొదటి ఏడాదే మొదలుపెట్టాలి.

భవనం కట్టిస్తామని ఎవరైనా ముందుకొస్తే వెంటనే సంతోషపడిపోకండి. శిలాఫలకం వేసే నిధులు దొరుకుతాయి, పదేళ్ళ తరవాత స్విచ్చులు మార్చే నిధులు దొరకవు. ఉన్న పెంకుటింటిని బాగుచేసుకుంటే చాలాసార్లు సరిపోతుంది. గోవాలో బెనాలిమ్ ఊళ్ళో విక్టర్ హ్యూగో గోమ్స్ నడిపే గోవా చిత్ర మ్యూజియాన్ని కూల్చేసిన పాత ఇళ్ళ తలుపులు, కిటికీలు, కొయ్యలతోనే కట్టారు. వ్యవసాయ పనిముట్లను చూపే చోటికి ఆ గోడలే తగినవి. పెద్ద హాలు కట్టి అందులో నాలుగు నాగళ్ళు పెడితే వాటి దైన్యం రెట్టింపవుతుంది.

కమిటీ, రోజులు, ఒక పేజీ

సొసైటీగా నమోదు కావాలంటే తెలుగు రాష్ట్రాల్లో 2001 నాటి సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ఆ ఏడుగురూ మీ బావమరుదులే అయితే కాగితం పూర్తవుతుంది, పని కాదు. బడి హెడ్మాస్టరు, డ్వాక్రా సంఘం నుంచి ఒకరు, వస్తువులిచ్చిన వాడల నుంచి ఇద్దరు, లెక్కలు తెలిసినవాళ్ళు ఒకరు, ముప్పై ఏళ్ళు దాటని ఒకరు ఉండేలా చూడండి. ఆ చివరి మనిషిని వెతకడానికే ఎక్కువ ఓపిక పట్టండి. రిజిస్టరు రాయడం, తాళం తీయడం, వచ్చినవారికి చెప్పడం, మూడూ అతనికో ఆమెకో ఈ ఏడాదే నేర్పండి. మీకు జ్వరమొచ్చిన రోజున మ్యూజియం తెరుచుకుంటే మీ ప్రణాళిక పనిచేస్తోందని అర్థం.

రోజూ తెరిచి ఉంచుతామని బోర్డు రాసి తాళంతో స్వాగతం చెప్పడంకన్నా, వారానికి రెండు రోజులు చెప్పిన వేళకు తప్పకుండా తెరవడం మేలు. సంతరోజు ఒకటి, ఆదివారం ఒకటి. అసలు జనం వచ్చేది పండగలకే. కోస్తాలో సంక్రాంతికి, తెలంగాణలో బతుకమ్మ, దసరాలకు ఊరంతా తిరిగొస్తుంది. ఏడాది మొత్తం చందాదారుల్ని చేర్చుకోవడానికి, పెద్దవాళ్ళ కథలు రికార్డు చేయడానికి, పాత ఫొటోలు స్కాన్ చేయడానికి ఆ నాలుగైదు రోజుల్ని మించినవి లేవు. మీ క్యాలెండరును ఆ రోజుల చుట్టూ కట్టుకోండి.

ప్రణాళిక మూడేళ్ళకు ఒక పేజీ దాటకూడదు. దాటితే కమిటీలో ఎవరూ చదవరు. మొదటి ఏడాది రిజిస్టరు, కాగితాలు, పైకప్పు. రెండో ఏడాది సంస్థ నమోదు పూర్తి కావడం, చందాదారులు, రికార్డింగులు. మూడో ఏడాదికి ఒక్క ప్రదర్శన, అదీ చక్కగా. ప్రతి పనికీ ఎదురుగా ఒక మనిషి పేరు రాయండి. పేరు లేని పని జరగదు. ఏటా ఉగాది ముందు కూర్చుని ఆ పేజీని అందరికీ వినిపించేలా చదవండి, జరగనివి కొట్టేసి మళ్ళీ రాయండి.

ఆ పేజీ చివర రాయవలసిన మాట ఒకటుంది. దాన్ని రాయడానికి చాలామంది ఇష్టపడరు: ఈ మ్యూజియం మూతపడితే వస్తువులు ఎక్కడికి పోతాయి? పన్ను మినహాయింపు గుర్తింపు అడిగినప్పుడు ఈ నిబంధన ఎలాగూ అడుగుతారు. అయినా ఫారం కోసం రాయకుండా నిజంగా తేల్చుకోండి. వరంగల్‌లోని జానపద గిరిజన విజ్ఞాన పీఠం లాంటి విద్యాసంస్థకో, మీ జిల్లా మ్యూజియానికో ఇప్పుడే ఉత్తరం రాసి, మీ రిజిస్టరు నకలు జతచేసి, ఏ వస్తువులు తీసుకోగలరో అడగండి. జవాబు ఆలస్యం కావచ్చు, మళ్ళీ రాయండి. వాళ్ళు అన్నీ తీసుకోరు. వాళ్ళు వద్దన్నవి ఏ ఇంటి నుంచి వచ్చాయో ఆ ఇంటికే తిరిగి చేరేలా ఇంకో జాబితా తయారుచెయ్యండి. ఇది కూడా ఈ ఏడాదే చెయ్యాలి. వస్తువులిచ్చినవాళ్ళలో చాలామంది మీకన్నా పెద్దవాళ్ళు. వాళ్ళ పిల్లల్లో ఎవరికి ఇవ్వాలో వాళ్ళనే అడిగి రాసుకోవాలి.